ఒక్క చుక్కా రాలేదు

సూడం ఆర్పి సత్యం చెయ్యమని ముందుగా అన్నది జోతి. విరుదునగర్‌లో తన ఇంటి ముందుగదిలో ఇత్తడి పళ్ళెంలో కర్పూరం బిళ్ళ వెలిగించి, అన్న భార్య పూంగొడి ముందు పెట్టింది. ఆ వైపు కర్పూరాన్ని సూడం అంటారు. మండుతున్న సూడాన్ని అరచేత్తో కొట్టి ఆర్పి చెప్పిన మాటకు తిరుగులేదు. అబద్ధమైతే ఆ ఇల్లు బూడిదవుతుందని నమ్మకం. అందుకే చిన్నాచితకా తగాదాల్లో ఎవరూ సూడం దాకా పోరు. దొంగతనానికో, రంకుకో, మనిషిని చంపినందుకో పెట్టే పరీక్ష అది.

పూంగొడికి పెట్టింది చంపబోయినందుకు.

"దినమూ సాయంత్రం నాయనకు మాత్తర ఇచ్చేది నువ్వే కదా వొదినా. ఇచ్చింటే టెస్టులో అట్ల ఏంటికి వస్తుంది? నువ్వు ఇచ్చింది నిజమంటే ఆర్పు. బయం ఏంటికి?"

జోతి నాయన రంగనాథన్, పూంగొడికి మామ. గుండెలో చెడిపోయిన కవాటం తీసేసి ఆయనకు లోహపు కవాటం పెట్టారు. దాని మీద నెత్తురు గడ్డకట్టకుండా రోజూ సాయంత్రం నెత్తురు పలచన చేసే మాత్ర వెయ్యాలి. మందు ఎక్కువైతే నెత్తురు కారుతుంది, తక్కువైతే గడ్డకడుతుంది. ఆ గడ్డ తలకెక్కితే మనిషి పోతాడు, లేదా సగం పోతాడు. ముందురోజు కోవిల్‌పట్టిలో తమ ఇంట్లో కాఫీ తాగుతుండగా ఆయన మూతి ఒక పక్కకు జారింది. గ్లాసు చేతిలోంచి కింద పడింది. కోడల్ని పిలవబోతే నోట్లోంచి ముద్దముద్దగా ఏదో వచ్చింది. కాసేపటికి మళ్ళీ మామూలు మనిషయ్యాడు. అయినా పూంగొడి ఆగలేదు. పక్కవీధి టాక్సీ పిలిచి, సాత్తూరు మీదుగా నేరుగా విరుదునగర్ తీసుకొచ్చింది. ఆయన ప్రాణం దక్కించడానికి పరుగెత్తింది ఆమె ఒక్కతే. మొగుడు మహేంద్రన్ అగ్గిపెట్టెల లోడుతో లారీ మీద ఎక్కడో ఉత్తరాదిన ఉన్నాడు.

ఆస్పత్రిలో పెద్ద డాక్టరు ఊళ్ళో లేడు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు నెత్తురు పరీక్ష చూసి, మాత్ర అసలు పని చేసినట్టే లేదన్నాడు. "రోజూ వేసుకుంటున్నారా?" అని అడిగాడు. "వేసుకుంటా ఉండాను సార్" అన్నాడు రంగనాథన్. అలాగైతే ఈ ఒంటికి ఈ మోతాదు చాలడం లేదని డాక్టరు మాత్ర పెంచి, పొట్టలో సూదులు పొడిపించి, వచ్చే సోమవారం పెద్ద డాక్టరుకు చూపించమని పంపేశాడు.

వేసుకున్నానని ఆయన అన్నాడు. లేదని నెత్తురు అంది. ఇక మిగిలింది ఇచ్చిన చెయ్యి.

గదిలో జోతి అత్తగారు, పక్కింటి ఆడవాళ్ళు గోడకు ఆనుకుని నిలబడ్డారు. రంగనాథన్ ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. మణికట్టుకు జాతర మొదట్లో దీక్షగా కట్టిన కాప్పు, ఆ పసుపుతాడు, ఇంకా ఉంది. రెండు బుగ్గల మీదా విభూతి పెట్టిన గుర్తులు. మొన్న విరుదునగర్‌లోనే జరిగిన పంగుని పొంగల్ జాతరలో మారియమ్మ గుడి ముందు ఆయన అలగు కుత్తుకున్నాడు. ఒక బుగ్గలో దూరి రెండో బుగ్గలోంచి బయటికి వచ్చే వెండి శూలం అది. గుండె ఆపరేషన్ గట్టెక్కితే కుత్తుకుంటానని అమ్మవారికి మొక్కుకున్నాడట. నెత్తురు పలచనయ్యే మాత్ర వేసుకునే మనిషి బుగ్గలో శూలం దూసినా ఒక్క చుక్క రాలేదు. ఊరు ఊరంతా చేతులెత్తి దండం పెట్టింది. జోతి ఆ వీడియోను చుట్టాలందరికీ పంపించింది.

పూంగొడి ఆయన వైపు చూసింది. ఇంటికి పెద్దవాడు, ఒక్క మాట అంటే పళ్ళెం లోపలికి పోతుంది. "వొద్దు జోతీ" అంటే చాలు. ఆయన భుజం మీది తువాలు తీసి ఒళ్ళో పెట్టుకుని, మడత విప్పి మళ్ళీ మడత పెట్టాడు. తేలు కుట్టిన దొంగలా ఆ తువాలునే చూస్తూ కూర్చున్నాడు.

ఆమె అరచేత్తో కొట్టింది. "నేను మాత్తర ఇచ్చింది సత్యం."

నిజం చెప్పినవాళ్ళ చెయ్యి కాలదని కథల్లో రాస్తారు. పూంగొడి చెయ్యి కాలింది. బొటనవేలి కింద మెత్తటి చోట బొబ్బ లేచింది. ఎవరూ వెన్నపూస తెచ్చివ్వలేదు. జోతి పళ్ళెం తీసుకుని లోపలికి పోతూ, "సరి, సామి చూసుకుంటుంది" అంది. సత్యం చేసినా ఆమె నమ్మలేదన్నమాట.

*

కోవిల్‌పట్టిలో పూంగొడి వాళ్ళ ఇంటి వెనక రేకుల షెడ్డులో కడలమిట్టాయి చేస్తారు. వేయించిన పల్లీలను బెల్లం పాకంలో కలిపి, చెక్కబల్ల మీద పోసి, వేడి ఆరకముందే రూళ్ళకర్రతో సమం చేసి కోస్తారు. పాకం పట్టడంలో రంగనాథన్‌ను మించినవాడు ఆ వీధిలో లేడు. ఆపరేషన్ తర్వాత కుర్చీలో కూర్చుని చెప్పడమే ఆయన పని, చెయ్యడం పూంగొడి పని. మర్నాడు రూళ్ళకర్ర పట్టుకుంటే బొబ్బ చిట్లింది. పనికొచ్చే పాండియమ్మాళ్ "చేతికి ఏమయింది అక్కా?" అని అడిగింది.

"పాకం పడింది."

ఇరవై ఏళ్ళుగా పాకం పడుతున్న చెయ్యి అది. పాండియమ్మాళ్ నమ్మలేదు, అలాగని ఇంకో మాటా అడగలేదు. అది పూంగొడికి మరీ చిన్నతనం అనిపించింది.

మధ్యాహ్నం పెరట్లో తొట్టి దగ్గర కూర్చుని మామ పండగకు కట్టిన పసుపు పంచె ఉతకబోయింది. పంచెను తిరగేస్తే రొంటి దగ్గర అంచు ముడి వేసి ఉంది. చిల్లర ఉందేమోనని విప్పింది. లోపల తెల్లటి పిండి, చెమటకు తడిసి ముద్ద కట్టి, మళ్ళీ ఎండింది. ఆ పిండిలో ఇంకా కరగని ముక్క ఒకటి, మధ్యలో గీతతో సహా ఉంది. ఆ గీత ఆమెకు తెలుసు. రోజూ సాయంత్రం దీపం పెట్టగానే ఆయన అరచేతిలో తాను పెట్టే మాత్ర మీద గీత అది.

పంచె పట్టుకుని షెడ్డులోకి వెళ్ళింది. ఆడవాళ్ళు అన్నానికి వెళ్ళారు. రంగనాథన్ కుర్చీలో కునుకు తీస్తున్నాడు.

"మామా. ఇది ఏమి?"

ఆయన కళ్ళు తెరిచాడు, విప్పిన ముడి చూశాడు. తర్వాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అలగు కుత్తేటప్పుడు నెత్తురు కారితే బత్తి లేదంటారు అమ్మీ. సుద్దం లేదంటారు. మాత్తర మింగతా ఉంటే నెత్తురు యాడ ఆగుతుంది? కాప్పు కట్టిన దినం నుంచి మానేసినా. నోట్లో వేసుకున్నట్ల వేసుకుని..."

చెయ్యి రొంటి దగ్గరికి తీసుకెళ్ళి చూపించాడు.

"జోతి సూడం పెట్టినప్పుడు మీరు ఆడనే ఉంటిరి."

"ఉంటి."

"నోరు తెరవకుండా ఉంటిరి."

"ఊరంతా అమ్మ మహిమ అంటా ఉండాది. ఊరి పెద్ద రామసామి గుడిలోనే అందరి ముందర నా కాళ్ళకు మొక్కినాడు. దాన్ని నువ్వు చెరపొద్దు తల్లీ. నీకేమి, ఒక చెయ్యి. రెండు దినాల్లో మానిపోతుంది."

అని, ఆమె చేతిలోంచి పంచె తీసుకుని పెరట్లోకి నడిచాడు. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చాక ఆ మనిషి ఒక గుడ్డ ఉతికింది ఆమె చూడలేదు. ఇప్పుడు తొట్టి పక్కన గొంతుక్కూర్చుని, రొంటి దగ్గరి అంచు నీళ్ళలో ముంచి, రెండు చేతులతో నలిపి నలిపి ఉతికాడు. తెల్లనీళ్ళు కాలవలోకి పోయాయి. తర్వాత పంచె పిండి, దండెం మీద ఆరవేసి, వచ్చి కుర్చీలో కూర్చుని "రొంబ ఎండగా ఉండాది. నీళ్ళు ఇయ్యి" అన్నాడు.

ఆమె నీళ్ళిచ్చింది. ఇచ్చేటప్పుడు ఆమెకు ఏడుపు రాలేదు. లోపల ఏదో గట్టిపడి కూర్చుంది, అంతే.

మొగుడికి ఫోన్ చేసింది. లారీ రొద మధ్య అంతా విని, "నాయన అట్ల చేసేవాడు కాదు. నువ్వు ఏందో తప్పుగా చూసుంటావు. జోతి సంగతి నీకు తెలిసిందే, గమ్మున సర్దుకో" అన్నాడు మహేంద్రన్. ముడి చూపిద్దామంటే అది కాలవలో కలిసిపోయింది. చెప్పుకోవడానికి మనిషి లేడు, చూపించడానికి సాక్ష్యం లేదు.

చెయ్యనిదానికి సూడం ఆర్పాను, ఇక చేస్తే తప్పేముంది అనుకుంది పూంగొడి. దేవుడి దగ్గర శిక్ష ముందే అయిపోయింది, నేరం ఒక్కటే బాకీ.

*

ఆపరేషన్ అయి ఇంటికి పంపేటప్పుడు నర్సు ఆమెకు తమిళంలో రెండుసార్లు చెప్పింది. ఆకుకూరలు ఎక్కువ పెట్టొద్దు, పెడితే ఈ మాత్ర బలం తగ్గిపోతుంది, మునగాకు, అవిసాకు లాంటివి మరీనూ. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆకు ఉడకలేదు. తనకు మునగాకంటే ప్రాణం. అయినా మామ ముందర తాను తింటే ఆయనకు నోరూరుతుందని తానూ మానేసింది. అంత జాగ్రత్తగా కాపాడిన మనిషికి దక్కింది అరచేతిలో బొబ్బ.

ఎదురింటి మాయక్కాళ్ పెరట్లో మునగచెట్టు ఉంది. పూంగొడి పోయి కొమ్మలు అడిగింది.

"యాండ్లయిందే నువ్వు మునగాకు అడిగి" అంది మాయక్కాళ్ నవ్వుతూ. "మీ మామ తినకూడదంటివి కదా?"

"ఇంగ తింటాడు అవ్వా."

కొమ్మల్ని పాత చీరగుడ్డలో గట్టిగా చుట్టి మూల పెట్టింది. అలా చుట్టి ఉంచితే తెల్లారేసరికి ఆకు తనంతట తానే రాలిపోతుంది, దూసే పని ఉండదు. పొద్దున గుడ్డ విప్పితే పచ్చటి వాసన గుప్పుమంది. కందిపప్పు పలుకుగా ఉడికించి, వెల్లుల్లి దంచి, విళాత్తికుళం మిరపకాయ తుంచి తాలింపు వేసి, ఆకు వేసి మూత పెట్టకుండా మగ్గించింది. మూత పెడితే చేదెక్కుతుంది. పైన దంచిన పల్లీల పొడి చల్లింది. ఎవరినైనా చంపాలనుకునేవాళ్ళు కూర రుచిగా చెయ్యాలని ఏమీ లేదు. కానీ ఆమె చేతికి అలవాటు. పైగా రుచిగా ఉంటే ఎక్కువ తింటాడు.

రంగనాథన్ పళ్ళెం చూసి ఆగాడు.

"ఆకులు వొద్దన్నారు కదా అమ్మీ?"

"మాత్తర పెంచినారు కదా మామా. ఇంగ తినొచ్చు."

అబద్ధం ఆమె నోట్లోంచి తడబడకుండా వచ్చింది. ఆయన ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. రెండోసారి అడిగి వేయించుకున్నాడు. పళ్ళెం అంచున అంటిన ఆకు వేలితో తీసి నాకాడు. "కడుపు నిండింది తల్లీ. ఎన్నాళ్ళయింది" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆ వంటింట్లో ఆకు తప్ప ఇంకేమీ లేదు. ఒకనాడు అవిసాకు కొబ్బరి వేసిన కూర, ఒకనాడు రాగిరొట్టెలో మునగాకు, ఒకనాడు పొన్నగంటాకు పప్పు, సాయంత్రానికి మునగాకు చారు. చెయ్యి నొప్పిగానే ఉండేది. బొబ్బ చిట్లిన చోట ఆకు పసరు తగిలితే చురుక్కుమనేది. ఆ చురుకు ఆమెకు ఇష్టంగా ఉండేది.

మాత్ర మాత్రం ఒక్క పూట తప్పలేదు. మాత్రలో వంక దొరక్కూడదని పట్టుదల. దీపం పెట్టగానే పెంచిన మోతాదు అరచేతిలో పెట్టి, నీళ్ళ చెంబు ఇచ్చి, ఎదురుగా నిలబడేది.

"నోరు తెరవండి మామా."

"మింగినా లే."

"నాలిక ఎత్తండి."

ఊరిచేత మొక్కించుకున్న మనిషి కోడలి ముందర చిన్నపిల్లాడిలా నాలుక ఎత్తి చూపించేవాడు. ఆమె వంగి, రెండు పక్కలా చూసి, "సరి" అనేది. రోజు మొత్తంలో ఆమెకు అంత తృప్తినిచ్చిన గడియ ఇంకొకటి లేదు.

ఆయన మాత్రం కోడలు తనను క్షమించిందనుకున్నాడు. తిన్న తర్వాత షెడ్డులో కూర్చుని పాకం గురించి కబుర్లు చెప్పేవాడు. ఒకరోజు ఆమె చెయ్యి చూసి, "మందు రాసుకోరాదా" అని కూడా అన్నాడు. ఆ మాటకు ఆమె మనసు మెత్తబడలేదు. ఆ చెయ్యి కాలకుండా ఆపగలిగిన నాడు ఆపలేదు, ఇప్పుడు మందు పేరు చెబుతున్నాడు. పుండు మీద కారం చల్లి, ఊదుతానన్నట్టుంది.

శనివారం పొద్దున పెరట్లో చెంబు పడిన చప్పుడు వినిపించింది. పూంగొడి చేతిలో పని వదిలి పరుగెత్తింది. రంగనాథన్ తొట్టి దగ్గర నిలబడి ఉన్నాడు. చెంబు కింద దొర్లుతోంది. ఆమె ఆయన మూతి చూసింది, చెయ్యి చూసింది. "పేరు చెప్పండి మామా, నా పేరు చెప్పండి" అంది.

"పూంగొడి. ఏమి? చేతికి సబ్బు ఉండె, జారింది."

ఆమె చెంబు తీసి తొట్టి మీద పెట్టింది. భయపడి పరుగెత్తిందని ఆయన అనుకున్నాడు, ఆయన ముఖమంతా నవ్వయింది. ఆమెకు తెలుసు, భయం కాదు. ఆశపడి పరుగెత్తింది. లోపలికి వచ్చి, పొయ్యి ముందు కూర్చుని, ఆ సంగతి తనకు తానే ఒప్పుకుంది. సిగ్గేసింది. అయినా ఆదివారం మళ్ళీ మునగాకే వండింది.

*

సోమవారం ఇద్దరూ పొద్దున బస్సెక్కి విరుదునగర్ చేరారు. ఆస్పత్రి దగ్గర జోతి ముందే వచ్చి కాచుకుని ఉంది. నాయన చెయ్యి పట్టుకుంది, వదిన వైపు చూడలేదు. నెత్తురు ఇచ్చి, ఫలితం కోసం వరండాలో బల్లల మీద కూర్చున్నారు.

అక్కడ కూర్చున్నవాళ్ళందరూ ఆ మాత్ర వేసుకునేవాళ్ళే. అలాంటి చోట ఊరూ పేరూ కన్నా ముందు అడిగే మాట "నీకెంత?" అనే. ఏళాయిరంపన్నై నుంచి వచ్చిన, బాణసంచా పనికిపోయే బక్కపలచని అమ్మాయి తనకు రెండు మాత్రలంది. పక్కన ఉన్న బట్టలకొట్టు ఆసామి, బల్ల సగం ఆక్రమించినవాడు, తనకు అర మాత్రే అన్నాడు. ఆ అమ్మాయి నోరు తెరిచింది.

"ఇంత మనిషికి అర, నాకు రెండా? నర్సక్కా, తప్పు రాసినారేమో చూడండి."

నర్సుకు ఈ మాట రోజూ వినేదే. "మనిషి సైజు చూసి ఇస్తే ఎట్లమ్మా? నీ వయసు వేరు, ఆయన వయసు వేరు. ఆయనకు కాలేయం బాగాలేదు, ఇంకో జబ్బుకు ఇంకో మందు వాడుతున్నాడు. ఏమి తింటారు, ఎంత తింటారు, ఒంట్లో మందు ఎంత తొందరగా అరిగిపోతుంది, అది పుట్టుకతో ఎవరిది వాళ్ళకే. ఆయన మాత్ర నువ్వు వేసుకుంటే పని చెయ్యదు. నీది ఆయన వేసుకుంటే చిగుళ్ళలోంచి నెత్తురు కారుతుంది" అంది.

ఆసామి పెదాలు గట్టిగా మూసుకున్నాడు. అందరూ నవ్వారు. రంగనాథన్ కూడా నవ్వాడు. పూంగొడి ఒక్కతే నవ్వలేదు. లోపలి గదిలో ఒక యంత్రం ఆయన నెత్తురు చూస్తోంది, ఇంకాసేపట్లో తన వంట సంగతి బయటపెడుతుంది. వెనకటి కంటే తక్కువగా వచ్చుంటుంది, రానీ, అనుకుంది. వస్తే ఏం చెయ్యాలో మాత్రం అనుకోలేదు.

పిలుపు వచ్చింది. పెద్ద డాక్టరు కాగితం చూసి, కళ్ళజోడు సరిచేసుకుని, నవ్వాడు.

"చాలా బాగుంది. ఎక్కడ ఉండాలో సరిగ్గా అక్కడ ఉంది. ఇన్నాళ్ళలో మీకు ఇంత బాగా ఎప్పుడూ రాలేదు పెద్దాయనా. పెంచిన మోతాదు ఇలాగే కొనసాగించండి. ఇంట్లో మందు చూసుకునేది ఎవరు?"

పూంగొడికి అర్థం కాలేదు. వారమంతా ఆకు. అయినా బాగుందంటాడేమిటి? ఆకు మాత్ర బలం తగ్గించాలి కదా, నెత్తురు ఎలా పలచనయింది?

జోతి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వదిన చెయ్యి, కాలిన చెయ్యే, పట్టుకుని నొక్కింది. "మా వొదినే సార్" అంది తమిళంలో డాక్టరుతో. తర్వాత ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో, మెల్లగా, "మనసులో పెట్టుకోవొద్దు వొదినా. ఇంగన్నా సరిగ్గా ఇస్తివే, అది చాలు" అంది.

ఇంగన్నా. ఇకనైనా అన్న ఆ ఒక్క మాటతో పాత నేరం అలాగే ఉందని తేలిపోయింది. మాఫీ చేశామని దయ చూపిస్తున్నారు, అంతే.

రంగనాథన్ కుర్చీలో నిటారుగా కూర్చుని రెండు చేతులూ పైకెత్తాడు. "అంతా అమ్మ మహిమ. అలగు కుత్తినప్పుడే తెలిసె సార్, ఒక్క చుక్క రాలేదు."

"ఈ మాత్ర వేసుకుంటూనా? రాలేదా?" అన్నాడు డాక్టరు, కాగితం మీంచి తల ఎత్తి.

"మహిమ కాదు సార్, మునగాకు" అంది పూంగొడి.

గదిలో అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె తమిళంలో, బడిలో పాఠం అప్పజెప్పినట్టు నిలబడి చెప్పింది. ఇక్కడి నుంచి పోయిన రెండు దినాలకు మొదలుపెట్టి రోజూ ఆకు పెట్టాను. మునగాకు, అవిసాకు, పొన్నగంటాకు. పొద్దునా సాయంత్రమూ.

"పెట్టకూడదని మీకు చెప్పలేదా?"

"చెప్పినారు సార్. అందుకే పెట్టినాను."

జోతి ఆమె చెయ్యి విదిలించి కొట్టింది. "సంపేదానికి చూసినావా? మా నాయన్ని సంపేదానికా? అందరి ముందర సత్యం చేసి..." కేక విని నర్సు తలుపు తీసి చూసింది. డాక్టరు చెయ్యెత్తి జోతిని ఆపాడు. ఆయన ముఖంలో నవ్వు పోయింది, కోపం మాత్రం రాలేదు. పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇది కుదరడం లేదు" అన్నాడు. "ఇంత ఆకు తింటూ కూడా నెత్తురు సరిగ్గా ఉందంటే, పెంచిన మోతాదు ఈ ఒంటికి చాలా ఎక్కువ. ఆకు ఆపితే ఈ మాత్ర ఈయన్ని మింగేస్తుంది. తలలోపల నెత్తురు కారుతుంది. మరి ఆకు తినని రోజుల్లో, పాత మోతాదుకు అసలు పలచబడనే లేదని ఎలా వచ్చింది? ఒకే మనిషి ఒళ్ళు రెండు రకాలుగా ఉండదు కదా."

కలం కింద పెట్టి, రంగనాథన్ వైపు వంగాడు.

"పెద్దాయనా. ఆ రోజుల్లో మాత్ర మింగారా, లేదా? మీకు ఎంత కావాలో నేను రాసేది మీ మాట మీద. అబద్ధం చెబితే అబద్ధానికి సరిపడా మందు రాస్తాను."

రంగనాథన్ తువాలు ఒళ్ళోకి తీసుకున్నాడు. జోతిని చూశాడు. పూంగొడిని చూశాడు. ఆ చూపు ఏమడుగుతోందో ఆమెకు తెలుసు. నువ్వే చెప్పు, లేదా ఏదో ఒకటి చెప్పి సర్దు, ఎప్పుడూ సర్దుతావు కదా అని. ఆమె చెప్పవచ్చు. చెబితే అది కోడలి మాట, అందులోనూ ఇప్పుడే ఆకు పెట్టానని ఒప్పుకున్న కోడలి మాట. ఆమెకు కావలసింది ఆ మాట కాదు. ఆయన నోరు కావాలి. ఆయన ప్రాణం కాదు తాను కోరుకున్నదని ఆమెకు అప్పుడు తెలిసింది. ప్రాణం చేతికందేది కాబట్టి దాని మీద పడింది.

"నాది నేను చెప్పినాను మామా" అంది తెలుగులో. "మీది మీరు చెప్పండి."

ఆయన తువాలు మడత పెట్టి పక్కన పెట్టాడు.

"మింగలేదు సార్" అన్నాడు. "కాప్పు కట్టింది మొదలు పొంగల్ అయ్యేదాకా. బుగ్గలో అలగు దూసేటప్పుడు నెత్తురు రాకూడదని."

"ఇంట్లో ఇవ్వలేదా?"

"ఇచ్చింది. దినమూ ఇచ్చింది. నేనే రొంటిలో దాచినా. ఆ యమ్మకు తెలియదు."

పూంగొడి జోతి ముఖమే చూసింది. తన మీద వేసిన నింద తప్పని తెలిసి వచ్చిన ముఖం కాదది. ఆ సంగతి జోతికి ఇంకా తట్టనే లేదు. చుట్టాలందరికీ పంపిన వీడియో కళ్ళముందు తిరుగుతోందేమో. "ఒక్క చుక్క రాలేదంటివే నాయనా" అంది చివరికి, చిన్నపిల్ల గొంతుతో.

డాక్టరు పాత మోతాదు మళ్ళీ రాశాడు. ఆకు ఒక్కసారిగా ఆపకుండా రోజురోజుకీ తగ్గించమన్నాడు, ఎల్లుండే మళ్ళీ నెత్తురు చూపించమన్నాడు. "ఆకు పెట్టింది తప్పు, చాలా తప్పు" అన్నాడు పూంగొడితో. "అది లేకపోతే ఈ వారం ఈయన మిగిలేవాడు కాదు, అదీ నిజమే. దాన్ని చూసి మీరు పొంగిపోవద్దు."

"పొంగిపోను సార్" అంది ఆమె. నిజంగానే పొంగలేదు. చంపాలని పెట్టింది బతికించిందంటే, ఆ పుణ్యం తనది కాదు, తనకు అక్కర్లేదు.

వరండాలోకి వచ్చాక జోతికి మాట తిరిగి వచ్చింది. "నీ చేతి కూడు మా నాయన ఇంగ తినడు" అంది.

"సరి."

"అన్నకు చెప్తా."

"చెప్పు."

క్షమించమని జోతి అడగలేదు, అడుగుతుందని పూంగొడి ఎదురుచూడనూ లేదు. రంగనాథన్ బల్ల మీద కూర్చుని కూతుర్ని కాకుండా కోడల్ని చూస్తున్నాడు. కూతురి వీధిలో అందరూ ఆయన కాళ్ళకు మొక్కేవాళ్ళే. ఆ వీధిలోకి ఇప్పుడు నడిచి పోవాలి.

"అమ్మీ" అన్నాడు. "నేనూ వస్తా."

"ఎల్లుండి మళ్ళా నెత్తురు చూడాల. మీరు జోతి ఇంట్లోనే ఉండండి మామా."

అని, భుజానికి సంచి తగిలించుకుని, మెట్లు దిగింది. వెనక్కి చూడలేదు. ఆయన మీద జాలి కలిగిందా అంటే కలగలేదు, కలుగుతుందని ఆమె ఆగి చూసుకోనూ లేదు.

కోవిల్‌పట్టి బస్సు కిటికీ పక్కన సీటు దొరికింది. బస్సు ఊరు దాటకముందే మహేంద్రన్ ఫోన్ వచ్చింది.

"జోతి చెప్పింది నిజమా? నాయనకు వొద్దన్న ఆకు తెలిసే పెట్టినావా?"

"ఆమా. పెట్టినాను."

కాదంటుందని, ఏడుస్తుందని, ఒట్టు పెడుతుందని మహేంద్రన్ సిద్ధపడి ఉన్నాడు పాపం.

"ఏంటికి?"

"మీ నాయన్ని అడగండి. ఆయన ఏమి చెప్పినాడో జోతి మీకు చెప్పలేదు కదా? ఆయన్నే అడగండి. ఇప్పుడు ఆయనకు మాట్లాడేది వచ్చె."

మహేంద్రన్ తిట్టడం మొదలుపెట్టాడు. పాపిష్టిదానా అన్నాడు, ఇల్లు చేరనీ నీ సంగతి చూస్తానన్నాడు, తిండి పెట్టే చేత్తో ఎట్ల చేసినావన్నాడు. ఆమె ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని వింది. సాత్తూరు వచ్చేదాకా తిట్టాడు. అందులో ఒక్కటి కూడా తనది కాని మాట లేదు. అన్నీ తాను చేసినదానికే. తప్పంతా తనదే అయినప్పుడు తిట్టు ఇంత తేలిగ్గా ఉంటుందని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు. మొగుడు ఆయాసపడి ఆగినప్పుడు, "ఇంకా ఉంటే చెప్పండి, వింటా ఉండాను" అంది.